నలభై నిమిషాల పళ్ళసెట్టు

2023. నంద్యాల జిల్లా కేంద్రమైన మరుసటి ఏడాది, శివరాత్రి దగ్గరపడుతున్న రోజులు. పాత బస్టాండు వెనక సందులో నా ల్యాబు. ల్యాబు అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, ఒక గ్యాస్ స్టవ్వు, ఒక పాలిష్ మోటారు, కిటికీలో వరసగా ఆరబెట్టిన ప్లాస్టర్ దవడలు.

నేను డెంటల్ టెక్నీషియన్ని. డాక్టర్లు నోటి కొలత తీసి పంపిస్తారు, నేను పళ్ళసెట్టు చేసి తిరిగి పంపిస్తాను. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఇదే పని. నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఏ పెళ్ళికి పోయినా, పంక్తిలో కూర్చుని గారె కొరికే ముసలాళ్ళలో సగం మంది నా పళ్ళతోనే కొరుకుతుంటారు. సగం అన్నది కాస్త ఎక్కువే. పంక్తికి ఒకరు ఉంటే ఉంటారు. మా సందులో వాళ్ళు నన్ను డాక్టరు అంటారు. కాదని చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. ఇంతవరకు చెప్పలేదు.

మా పనిలో విద్యంతా రెండు సీసాల్లో ఉంటుంది. ఒకదాంట్లో గులాబీ రంగు పొడి. దాన్ని పాలిమర్ అంటాం. రెండోదాంట్లో నీళ్ళలాంటి ద్రవం, మూత తీస్తే ముక్కు పగిలే వాసన. అది మోనోమర్. మోనోమర్ అంటే దేనికది విడిగా తిరిగే అణువులు. అవే ఒకదానికొకటి తగులుకుని పొడుగాటి గొలుసులైతే పాలిమర్. పొడిలో ద్రవం పోసి కలిపితే ముందు తడి ఇసుకలా ఉంటుంది, కాసేపటికి పాకంలా తీగలు సాగుతుంది, ఆ తర్వాత చపాతీ పిండిలా ముద్దకొస్తుంది. ఆ ముద్దను ఫ్లాస్కులో, అంటే ప్లాస్టర్ అచ్చు పోసిన లోహపు పెట్టెలో కూరి, బిగించి, వేడినీళ్ళలో పెట్టాలి. ఆ వేడికి మోనోమర్ కూడా గొలుసుల్లో చేరి గట్టిపడుతుంది. దీన్ని క్యూరింగ్ అంటాం. డెబ్బై నాలుగు డిగ్రీల దగ్గర గంటలకొద్దీ నిలపాలి, ఆఖర్న మరిగించాలి, తర్వాత దానంతటదే చల్లారాలి. ఇందులో ఎక్కడ తొందరపడినా కొంత మోనోమర్ ఏ గొలుసులోనూ చేరకుండా లోపలే ఉండిపోతుంది. అలా మిగిలినదాన్ని రెసిడ్యువల్ మోనోమర్ అంటారు.

ఎంత బాగా చేసినా కొద్దిగా మిగులుతుంది. దానితో ఇబ్బంది లేదు. ఎక్కువ మిగిలితే నోటి తడికి ఊరి బయటికొచ్చి చిగుళ్ళను మండిస్తుంది. పొడి డబ్బాతో వచ్చే కాగితంలో ఈ మాట చీమ తలకాయంత అక్షరాలతో ఉంటుంది. నేను మాత్రం దాన్ని నోరారా వాడేవాణ్ణి. ఎవరైనా "ఇంకా కాలేదా అన్నా" అని అడిగితే, "రెసిడ్యువల్ మోనోమర్ పోవద్దా మరి" అనేవాణ్ణి. వాళ్ళు భయపడి కూర్చునేవాళ్ళు. చాలాసార్లు అప్పటికి నేను పొయ్యే వెలిగించి ఉండను.

ఇక ఓబులేసు సంగతి. ఆళ్లగడ్డ పక్క పల్లె. అరవై దాటిన మనిషి. ఆ చుట్టుపక్కల ఎక్కడ ఎడ్ల బండలాగుడు పోటీలు జరిగినా మైకు ఆయన చేతిలోనే. పెద్ద రాతిబండకు ఎడ్ల జతను కట్టి, ఇచ్చిన టైములో ఎన్ని అడుగులు లాగితే అంత. ఎడ్లు ఎవరివి, ఏ ఊరివి, ఎన్నో రౌండులో ఉన్నాయి, పక్క జతకంటే ఎంత ముందున్నాయి, ఇదంతా ఊపిరి తీసుకోకుండా చెప్పేది ఓబులేసు. ఆ గొంతుకు ఎడ్లు కూడా ఒక అడుగు ఎక్కువ వేస్తాయని రైతులు నమ్ముతారు.

అలాంటి మనిషికి ఆ ఏడాది నోట్లో ఒక్క పన్ను మిగల్లేదు. చక్కెర జబ్బుతో వదులైనవన్నీ డాక్టరమ్మ తీసేసింది. నేను పని చేసిపెట్టే క్లినిక్కు ఆమెదే. చిన్న వయసు, మాట మెత్తన, చూపు మాత్రం సూది. చిగుళ్ళు మానాక కొలతలు తీసి నాకు పంపింది. మైనంతో ట్రయల్ సెట్టు పెట్టి చూసిన గురువారం నాడు ఓబులేసు నేరుగా నా ల్యాబుకే వచ్చాడు.

"అన్నా, ఆదివారం మా ఊరి తిరునాళ్ళలో పోటీలు ఉండాయి. అప్పటికి పళ్ళు గావల్ల."

"డాక్టరమ్మ సోమవారం ఇద్దామనింది కదప్పా."

"సోమవారం ఇస్తే నమిలేదానికి పనికొస్తాయి. నాకు గావల్సింది మాట్లాడేదానికి. పళ్ళు ల్యాకుండా ప్యాపిలి ఎడ్లను ఎంతసేపైనా పిలుస్తా. సంజామల ఎడ్లు వచ్చినాయంటే నోట్లోనించి గాలి తప్ప ఏం రాదు. సంజామలోళ్ళు నా మీద కోపంగా ఉండారు."

నాకు నవ్వొచ్చింది. ఆ పోటీల్లో విభాగాలు కట్టేది ఎద్దుల పళ్ళు చూసే. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు. "మరి నిన్ను ఏ విభాగంలో ఏస్తార్రా ఓబులేసూ" అన్నాను.

"నన్ను గేటు కాడనే ఆపుతాండారు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "శుక్రవారం సాయంత్రానికి ఇయ్యన్నా. మొదటి జత దిగంగానే మైకులో నీ పేరు చెప్తా. జనమంతా వింటారు."

అక్కడ పడిపోయాను నేను. ఆ పోటీలకు లక్షమంది వస్తారు. లక్ష కాదులెండి, మూడు నాలుగు వేలు. అయినా అంతమంది ముందు నా పేరు ఎవరూ ఎప్పుడూ పిలవలేదు. పెళ్ళిలో కూడా మా మామ పేరే ముందు పిలిచారు.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. "శుక్రవారానికి అయిపోతుందమ్మా."

"పూర్తిగా క్యూర్ అవుతుందా మద్దిలేటి గారూ? మిగిలిన మోనోమర్ పోవడానికి సెట్టును ఒకరోజన్నా నీళ్ళలో నానబెట్టాలి కదా."

"అన్నీ నేను చూసుకుంటా కదమ్మా."

శుక్రవారం పొద్దున్నే మొదలుపెట్టి ఉంటే కొంతవరకైనా పని సరిగ్గా జరిగేది. మొదలుపెట్టలేదు. కరెంటు లేదనో, గ్యాసు అయిపోయిందనో చాలాకాలం చెప్పుకున్నాను. నిజమేమిటంటే ఆ పొద్దంతా ఒక చీటీ రాస్తూ కూర్చున్నాను. మైకులో నా గురించి ఏం చెప్పాలో ఓబులేసుకు రాసివ్వాలి కదా. ఐదారు కాగితాలు చించాక తేలిన మాట ఇది: "నంద్యాల ప్రఖ్యాత దంత నిపుణులు, వేలాది నోళ్ళకు నవ్వులు పంచిన శ్రీ మద్దిలేటి గారి చేతి చలువతో ఈరోజు మీ ముందుకు." చేతి చలువ అన్న మాట నాకే నచ్చి రెండుసార్లు చదువుకున్నాను. టైము చూస్తే పన్నెండు దాటింది.

పిండి కలిపి, కూరి, బిగించి, ఫ్లాస్కును నీళ్ళలో పెట్టేసరికి రెండున్నర. ఓబులేసు ఐదింటికి క్లినిక్కులో ఉంటాడు. థర్మామీటరు గోడకు వేలాడుతోంది, దాన్ని ముట్టుకోలేదు. మంట పెద్దది చేసి నేరుగా మరిగించాను. నలభై నిమిషాలు. మధ్యలో నాలుగుసార్లు లేచి మూత తీసి చూశాను, చూస్తే త్వరగా ఉడుకుతుందన్నట్టు. పట్టుకారుతో తీసి పంపు కింద పెట్టి చల్లార్చాను, అచ్చు పగలగొట్టాను, పాలిష్ పట్టాను. పైకి అద్దంలా మెరిసిపోయింది. నానబెట్టే మాటే లేదు. ఐదింటికి డాక్టరమ్మ చేతిలో పెట్టాను, ఐదుంపావుకు ఓబులేసు నోట్లో ఉంది, ఐదున్నరకు నా చీటీ ఆయన జేబులో ఉంది.

ఆదివారం తెల్లచొక్కా వేసుకుని వాళ్ళ ఊరికి పోయాను. రైతులు కూర్చునే వరసలో ముందు కుర్చీ పట్టాను. పొద్దున పది గంటలు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఓబులేసు మైకు పట్టుకుని స్వాగతం చెబుతుంటే ఒక్కో అక్షరం టకటకా వచ్చింది. నేను పక్కాయనతో, "ఆ పళ్ళు మనవే" అన్నాను. ఆయనేమీ అడగలేదు.

మొదటి జత దిగింది. రెండో రౌండులో ఓబులేసు మాట తడబడింది. చెంప మీద చెయ్యేసుకున్నాడు. నీళ్ళు తాగాడు. మళ్ళీ మైకు ఎత్తాడు, మళ్ళీ దించాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. మూడో రౌండులో ఆ జనమంతా చూస్తుండగా సెట్టు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. వెనకనించి ఎవడో, "ఓబులేసు పాలపళ్ళు ఊడినాయప్పో" అని అరిచాడు. మైదానమంతా నవ్వింది. కమిటీ ఆయన వచ్చి మెల్లగా మైకు తీసుకుని ఇంకొకరికి ఇచ్చాడు. ఓబులేసు బండ పక్కనే కాసేపు నిలబడి, తర్వాత ఎడ్ల మధ్యలోంచి నడుచుకుంటూ పోయాడు.

నేను తెల్లచొక్కాలో కూర్చునే ఉన్నాను. అప్పుడు కూడా మొదట నాకు తట్టింది, నా పేరు చెప్పలేదే అని. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, అదే నిజం.

సోమవారం క్లినిక్కు. ఓబులేసు నోరు తెరిచాడు. పైదవడ మీద సెట్టు ఆనినంత మేరా ఎర్రగా, గీత గీసినట్టు. డాక్టరమ్మ లైటు వేసి చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"క్యూరింగ్ ఎంతసేపు చేశారు?"

"పద్ధతి ప్రకారమేనమ్మా."

"రెసిడ్యువల్ మోనోమర్ ఏమన్నా మిగిలి ఉంటుందా?"

ముప్పై ఎనిమిదేళ్ళు ఆ మాటతో నేను జనాన్ని భయపెట్టాను. మొదటిసారి ఆ మాట నా వైపు తిరిగింది. "మా దగ్గర అట్లాంటిది ఉండదమ్మా" అన్నాను.

ఆమె నమ్మింది. నమ్మింది కాబట్టి తర్వాత మెట్టుకు పోయింది. "అయితే ఈయనకు యాక్రిలిక్ పడటం లేదేమో. ఎలర్జీ అయితే ఈ రకం సెట్టు ఇంక పెట్టకూడదు. కర్నూలుకు రాస్తాను, అక్కడ పరీక్ష చేసి వేరే దారి చూస్తారు. టైము పడుతుంది."

"ఉగాదికి అయితాదామ్మా?" అన్నాడు ఓబులేసు. చిగుళ్ళతో మాట్లాడుతున్నాడు.

"చెప్పలేను."

ఆయన తల ఊపాడు. బయటికొచ్చాక నాతో అన్నాడు, "ఉగాదికి ఆళ్లగడ్డలో పెద్ద పోటీలుండాయన్నా. మైకు ఎవురిదని గురువారం కమిటీ వాళ్ళు అడుగుతారు. నాకు పడదని చెప్పేస్తా. నా నోరే సరిల్యాకపోతే నువ్వేం జేస్తావులే."

సెట్టు నా చేతిలో పెట్టి పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రెండు రోజులు ఒక చోట కూర్చోలేకపోయాను. కిటికీలో ప్లాస్టర్ దవడలను ఇటువి అటు, అటువి ఇటు సర్దాను. వేరేవాళ్ళ సెట్టుకు పాలిష్ పడుతూ పన్ను విరగ్గొట్టాను. ఓబులేసు సెట్టును ఇంటికి తీసుకుపోయి, చేతికి దొరికిన స్టీలు టిఫిన్ డబ్బాలో వేసి మూత పెట్టాను. ఎందుకు తీసుకుపోయానో తెలియదు. ల్యాబులో ఉంటే నన్నే చూస్తున్నట్టుంది.

మంగళవారం మధ్యాహ్నం మా ఇంటామె జయమ్మ ఆ డబ్బా తీసింది. "ఏందీ ఇది? అన్నం పెట్టుకునే డబ్బాలో పెయింటు పోసినావా?"

"పెయింటు కాదు, పళ్ళు."

"పళ్ళకు ఇంత కంపా? ఈ పళ్ళు ఎవురి నోట్లో పెట్టినావు?"

మూత తీసిన డబ్బాను నా ముక్కు కింద పెట్టింది. మోనోమర్ వాసన. నాలుగు రోజుల తర్వాత కూడా, ఇల్లంతా పట్టేంత. ఎలర్జీ లేదు, ఓబులేసు నోటికి ఏ లోపమూ లేదు. నేను ఉడికించలేదు, అంతే.

బుధవారం పొద్దున ఆళ్లగడ్డ బస్సెక్కాను. నా మనస్సాక్షి నన్ను ఎక్కించిందని తర్వాత చాలామందికి చెప్పాను. అందులో సగమే నిజం. మిగతా సగం భయం. కర్నూలు వాళ్ళు ఆ సెట్టును తెప్పించుకుని వాసన చూస్తే నా సంగతి బయటపడుతుంది కదా అన్న భయం. బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా మూడుసార్లు లేచి మారాను. కండక్టరు, "పెద్దాయనా, ఆళ్లగడ్డ ఇంకా రాల్యా, కూచో" అన్నాడు.

ఓబులేసు పశువుల కొట్టంలో ఎద్దుల మెడకు నూనె రాస్తున్నాడు. నన్ను చూసి నులకమంచం వాల్చాడు. నేను కూర్చోలేదు.

"ఓబులేసూ, నీకు ఎలర్జీ గిలర్జీ ఏం లేదు. నేను నలభై నిమిషాలే ఉడికించినా. పొద్దంతా ఉడకాల్సింది."

నూనె చెయ్యి ఎద్దు మెడ మీదే ఆగింది. "గ్యాసు అయిపోయిందా?"

అవునంటే ఆ మాట అక్కడితో పోయేది. "ల్యా. నువ్వు మైకులో చదవాల్సిన చీటీ రాస్తా కూచున్నా."

ఆయన చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. "ఉడక్కపోతే ఏమయితాది?"

చెప్పాను. పొడి, ద్రవం, విడి అణువులు, గొలుసులు, గొలుసులో చేరకుండా మిగిలేది. ఈసారి గొప్పకు కాదు, తెలియాలని చెప్పాను. ఆయన ఎద్దును చూస్తూ విన్నాడు.

"అట్లనా. కాడి కింద మెడ పెట్టిన ఎద్దు బండ లాగుతాది. కాడికి రాని ఎద్దు ఊరి మీద పడి చేలు మేస్తాది. నువ్వు కాడికి తేకుండానే ఇడిసిపెట్టినావు, అవి నా నోట్లో మేసినాయి."

పొడి డబ్బా కాగితంలోని చీమ అక్షరాలు ముప్పై ఎనిమిదేళ్ళలో నాకు ఎప్పుడూ అంత బాగా అర్థం కాలేదు.

"తప్పయింది," అన్నాను.

"నాకు చెప్పినావు. ఆయమ్మకు చెప్పినావా?"

"ల్యా."

"నా నోరు మంచిది కాదని ఆయమ్మ చీటీలో రాసింది. అది నువ్వే కొట్టేపియ్యల్ల. పద." చొక్కా వేసుకుంటూ అన్నాడు, "గురువారం కమిటీ వాళ్ళకు ఏం చెప్పాల్నో ఆయమ్మ నోటనే వింటా."

క్లినిక్కులో పేషెంట్లంతా వింటుండగా చెప్పాను. తలుపు వేద్దామని చూస్తే ఓబులేసు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. డాక్టరమ్మ కోప్పడలేదు. తాను కర్నూలుకు రాసిన కాగితాన్ని తీసి చించింది.

"అడిగినప్పుడే చెప్పి ఉంటే ఈయనకు ఆ మాట అనేదాన్ని కాదు కదండీ."

"అవునమ్మా."

"నోరు మాననివ్వండి. కొలతలు మొదటినుంచి తీస్తాను. ఉగాదికి సరిపోతుంది, ఈసారి మీరు తొందరపడకపోతే."

"నేనుంటా కదామ్మా," అన్నాడు ఓబులేసు.

అన్నట్టే వచ్చాడు. రెండో సెట్టు క్యూరింగ్ రోజు పొద్దున ఎనిమిదింటికి ల్యాబు ముందు నిలబడ్డాడు. స్టూలు లాక్కుని నీళ్ళ గిన్నె ఎదురుగా కూర్చున్నాడు. థర్మామీటరు ఆయన చేతికే ఇచ్చాను. తొమ్మిది గంటలు కదల్లేదు. నాకు మాత్రం ఒళ్ళంతా చీమలు పాకినట్టుంది. మంట కాస్త పెంచుదామని చెయ్యి దానంతటదే పోతుంది.

"డెబ్బై నాలుగు కాడ నిలబడి ఉండారు," అంటాడు చిగుళ్ళతో, మైకులో చెప్పినట్టు. "నంద్యాల మద్దిలేటి గారు నాలుగో రౌండులో ఉండారు. చెయ్యి పొయ్యి మీదికి పోతాండాది. ఆపినారు. మళ్ళా కూచున్నారు."

ఆఖర్న మరిగించి, దానంతటదే చల్లారనిచ్చి, రెండు రోజులు నీళ్ళలో నానబెట్టాం. మూడో రోజు డబ్బా మూత తీసి ముందు ఆయన వాసన చూశాడు, తర్వాత నేను చూశాను, ఆ తర్వాతే డాక్టరమ్మ దగ్గరికి పోయాం.

ఉగాదికి ఆళ్లగడ్డ. ఈసారి తెల్లచొక్కా వేసుకోలేదు, వెనక వరసలో నిలబడ్డాను. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఓబులేసు ఆపకుండా చెబుతూనే ఉన్నాడు. ఒక్కసారి కూడా చెంప మీద చెయ్యి పెట్టుకోలేదు. నేను లెక్కపెట్టాను కాబట్టి తెలుసు. భోజనాల ముందు మైకు ఆగింది. జేబులోంచి మడతలు పడిన కాగితం తీశాడు. చూడగానే గుర్తుపట్టాను.

"నంద్యాల ప్రఖ్యాత దంత నిపుణులు, వేలాది నోళ్ళకు నవ్వులు పంచిన శ్రీ మద్దిలేటి గారి చేతి చలువతో ఈరోజు మీ ముందుకు," అని అక్షరం తప్పకుండా చదివాడు. "ఇది ఆయప్ప రాసిచ్చింది. ఇప్పుడు నేను చెప్పేది ఇనండి. ఇది రాస్తా కూచోని నా మొదటి సెట్టు నలభై నిమిషాలకే దించినాడు. నా నోరు కాలింది. మీరంతా నవ్వినారు. తర్వాత మా కొట్టం కాడికొచ్చి, తప్పు నాది అని నా మొగం మీదనే చెప్పినాడు. ఈ సెట్టు తొమ్మిది గంటలు ఉడికింది. ఎట్లుందో మీరే చెప్పండి. సంజామల ఎడ్లు, రావల్ల."

ఆ 'స' మైదానం చివర ఉన్న నాదాకా విజిల్ లాగా వచ్చింది. సంజామల వాళ్ళు కేకలు పెట్టారు. నా చుట్టూ ఉన్నవాళ్ళు, ఎవరా మద్దిలేటి అని వెతుకుతున్నారు. నేను కూడా వాళ్ళతో పాటు అటూ ఇటూ చూశాను.

ఓబులేసు రెండో సెట్టుతో మొదలుపెట్టి, నా ల్యాబు నుంచి పోయే ప్రతి సెట్టు డబ్బా మీద ఒక చీటీ ఉంటుంది. నీళ్ళలో పెట్టిన టైము, తీసిన టైము, ఎన్నాళ్ళు నానింది, కింద నా సంతకం. డాక్టరు అని రాయను. పేషెంటు అడిగినా అడగకపోయినా చదివి వినిపిస్తాను. తొందర నాకు తగ్గలేదు, ఈ వయసులో తగ్గదు కూడా. అందుకే చేతిలో పెన్ను పెట్టుకుంటాను. రాయాల్సి వస్తే చెయ్యి పొయ్యి దాకా పోదు.

ఓబులేసు సెట్టు తొమ్మిది గంటలు ఉడికిందని ఆయనా చెబుతాడు, నేనూ చెబుతాను, పైన మీకూ చెప్పాను. ఆ రోజు నేను టైము రాసిన చీటీ ఇంకా ఆయన డబ్బా మీదే అతికి ఉంది. పెట్టిన టైము నుంచి తీసిన టైము దాకా లెక్కేస్తే ఎనిమిది గంటల నలభై నిమిషాలే.